బియ్యం నిండుకున్నాయి

వానాకాలంలో ఏ తెలుగు పేపరైనా తిరగేయండి. ఒక పేజీలో 'నిండుకుండలా శ్రీశైలం' అని ఉంటుంది. జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, నీళ్లు ఆ గీత దగ్గరికి వచ్చేశాయని దాని అర్థం. అదే పేపరు జిల్లా పేజీలో 'నిండుకున్న యూరియా' అని ఇంకో శీర్షిక. సొసైటీ గోదాములో బస్తా లేదు, రైతులు చెప్పులు వరసలో పెట్టి నీడన కూర్చున్నారని దాని అర్థం. ఒక నిండు గేట్లు ఎత్తాల్సినంత నిండు. ఇంకో నిండు ఊడ్చి ముగ్గేసుకోవాల్సినంత ఖాళీ. తెలుగు కొత్తగా చదవడం నేర్చుకుంటున్న పిల్లలు, ముఖ్యంగా బయటి దేశాల్లో పెరుగుతున్నవాళ్లు, ఇదేమిటని అడిగితే పెద్దలు నవ్వి ఊరుకుంటారు. ఊరుకోవాల్సిన ప్రశ్న కాదది. సరుకు అయిపోవడం, మళ్లీ తెచ్చి నింపుకోవడం అనే రోజువారీ వ్యవహారమంతా ఆ ఒక్క మాటలో ఇరుక్కుని ఉంది.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. 'నిండుకోవడం' అంటే అయిపోవడం, లేదా అయిపోవచ్చినట్టు ఉండడం. ఇంట్లో బియ్యం లేవని అనకూడదు, అంటే లక్ష్మి విని నిజమే కాబోలనుకుని వెళ్లిపోతుందని పాత భయం. అందుకే లేమిని చెప్పాల్సిన చోట కలిమిని చెప్పారు. ఈ అలవాటు ఈ ఒక్క మాటకే పరిమితం కాదు. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. తాళి తెగిందనరు, పెరిగిందంటారు. రాత్రిపూట పామును పేరు పెట్టి పిలవరు, పురుగంటారు. గడప దాటుతూ 'వెళ్తాను' అంటే పెద్దవాళ్లు ఆపి 'వెళ్లొస్తాను' అనిపిస్తారు.

వాడుకలో కాస్త జాగ్రత్త కావాలి. నిండుకునేది లోపలున్న సరుకే, దాన్ని దాచిన పాత్ర ఎప్పుడూ నిండుకోదు. 'డబ్బా నిండింది' అంటే పైదాకా పోశారని. 'డబ్బాలో పప్పు నిండుకుంది' అంటే గరిటకు ఏమీ తగలడం లేదని. 'ట్యాంకు నిండింది, మోటారు కట్టేయండి' అన్నవాళ్లే సాయంత్రానికి 'ట్యాంకులో నీళ్లు నిండుకున్నాయి, మోటారు వేయండి' అనగలరు. రెండు మాటలూ సరైనవే, ఎవరికీ అయోమయం ఉండదు. బియ్యం, పాలు, నీళ్లు బహువచనాలు కాబట్టి నిండుకున్నాయి. నూనె, ఉప్పు, పసుపు నిండుకుంది. అసలు అర్థం కూడా పూర్తిగా పోలేదు. కళ్లలో నీళ్లు నిండుకున్నాయంటే ఏడుపు ఆగిందని ఎవరూ అనుకోరు. వంటింట్లో అన్నారా, ఇంకెక్కడైనా అన్నారా అన్నదే తేల్చేస్తుంది.

దీనికి దగ్గరి మాటలున్నాయి కానీ ఏ ఒక్కటీ దీని బదులు నిలబడదు. 'అయిపోయింది' అన్నది ఏ రంగూ లేని మాట, సినిమాకూ సెలవులకూ అదే చాలు. 'అడుగంటింది' అంటే బావిలోనో చెరువులోనో నీళ్లు నేలకు తగిలాయని. గిన్నెలో అడుగంటితే మాత్రం కూర మాడినట్టు. 'వట్టిపోయింది' ఆవుకు చెల్లుతుంది, బోరుకు చెల్లుతుంది, ఉప్పు జాడీకి చెల్లదు. పత్రికలు మాత్రం ఈ ఇంటి మాటను వీధిలోకి తెచ్చాయి. ఆసుపత్రిలో మందులు నిండుకున్నాయి, పంచాయతీలో నిధులు నిండుకున్నాయి, ఖజానా నిండుకుంది అని రాస్తున్నాయి. ఖజానా పాత్ర కదా, పాత్ర నిండుకోకూడదు కదా అని నాలాంటివాళ్లు కాసేపు సణుక్కోవచ్చు. వాడుక అప్పటికే గడప దాటేసింది.

ఇది శుభం పలకడం మాత్రమేనంటే నేను సగమే ఒప్పుకుంటాను. 'ఏవండీ, బియ్యం నిండుకున్నాయి' అనే వాక్యంలో తెమ్మన్న మాట ఎక్కడా లేదు. అయినా విన్న మనిషి చెప్పులు వేసుకుంటాడు. పైకి కబురులా ఉండే ఆజ్ఞ అది. పైగా ఆ మాట అనే వేళకు డబ్బా నిజంగా ఖాళీ కాదు. రోజూ తవ్వతోనో గ్లాసుతోనో బియ్యం తీసే చెయ్యి ఒకరోజు డబ్బాను కొంచెం వంచాల్సి వస్తుంది, గ్లాసు అంచు రేకును గీరిన చప్పుడు వస్తుంది. మాట పైకి వచ్చేది అప్పుడే. ఇంకా రెండు పూటలకు సరిపడా బియ్యం ఉంటాయి. మరీ ముందుచూపున్న ఇల్లాలైతే 'నిండుకుంటున్నాయి' అని నాలుగు రోజుల ముందే ఒక మాట వేసి ఉంచుతుంది. అంటే ఈ మాటకు ఖాళీ ఎంత ముఖ్యమో వేళ కూడా అంతే ముఖ్యం.

వ్యాపార శాస్త్రంలో ఈ వేళకు ఒక లెక్క ఉంది. రోజుకు ఎంత వాడతాం, చెప్పాక సరుకు రావడానికి ఎన్నాళ్లు పడుతుంది, ఈ రెండూ గుణించి, పైన అనుకోని రోజులకు కాస్త కలపాలి. అంతవరకు నిల్వ దిగగానే కబురు పంపాలి. నలుగురున్న ఇంట్లో రోజుకు కిలో బియ్యం అవుతాయనుకుందాం. వీధి చివర కొట్టు ఉన్న పట్నం ఇంటికి బియ్యం గంటలో వస్తాయి, కాబట్టి రెండు కిలోలు మిగిలినప్పుడు చెప్పినా నష్టం లేదు. వారానికోసారి సంతకు వెళ్లే ఊళ్లో ఏడు కిలోలకు చుట్టాల కోసం ఇంకో రెండు కలిపి తొమ్మిది దగ్గర చెప్పాలి. ఒకే మాట, ఒకచోట రెండు కిలోలు, ఇంకోచోట తొమ్మిది. ఊరి దూరాన్ని బట్టి నిండుకోవడం మారుతుంది. ఇప్పుడు పది నిమిషాల్లో తలుపు దగ్గరికి తెచ్చే యాప్‌లు వచ్చాక నగరాల్లో ఆ గీత దాదాపు సున్నాకు దిగింది. పోపు గింజలు మూకుడులో వేశాక కరివేపాకు తెప్పించే ఇళ్లున్నాయి. వాన పడి కుర్రాడు రాకపోతే ఆ పోపు గతేమిటన్నది వేరే సంగతి.

కిలోల లెక్క వచ్చింది కాబట్టి బస్తా గురించి ఒక మాట. మన దుకాణాల్లో బియ్యం బస్తా మీద 26 కిలోలని ఎందుకుంటుందో గమనించారా? 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు, అదీ 25 కిలోల దాకా ఉన్న బస్తాలకే. మిల్లులవాళ్లు ఒక కిలో ఎక్కువ పోసి గీత దాటేశారు. నెలకు ఒక బస్తా అనే లెక్క మాత్రం మారలేదు.

తగ్గడానికి ఒకే మాట సరిపోయింది గానీ మళ్లీ నింపడానికి తెలుగువాళ్లకు ఒక్క మాట చాలలేదు. బియ్యం తెప్పిస్తాం. నూనె పోయించుకొస్తాం. కారం, పిండి పట్టిస్తాం. ఫోనుకు రీఛార్జ్ చేయిస్తాం. రోగికి రక్తం ఎక్కిస్తాం. బండికి పెట్రోలు కొట్టిస్తాం. బోరింగు కొట్టడం, టైరుకు గాలి కొట్టడం పక్కనే ఈ పెట్రోలు కొట్టడం కూడా చేరింది, పంపు ఉన్నచోటల్లా కొట్టుడే. కొట్టువాళ్ల భాష ఇంకోటి: సరుకు వేయిస్తారు, లారీ వస్తే సరుకు దించుతారు, తెలంగాణలో మాల్ వచ్చిందంటారు. సర్కారు ఆఫీసులో ఇండెంట్ పెడతారు. వీటిలో చాలావాటి చివర ఉన్న 'ఇంచు' చూడండి. తెప్పించు, పోయించు, పట్టించు, కొట్టించు. ఖాళీని చూసేది ఒకరు, నింపేది ఇంకొకరు. మధ్యలో ఎవరో ఒకరికి చెప్పకుండా మన ఇంట్లో ఏదీ నిండదు. ఆలస్యం జరిగేది కూడా ఆ మధ్యలోనే.

ఇప్పుడు కొట్టులోకి వెళ్దాం, అసలు కష్టమంతా అక్కడుంది. చిన్న కిరాణా కొట్టులో వెయ్యి రకాల సరుకు ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో వేగం. పాల ప్యాకెట్ పొద్దున వచ్చి పొద్దున్నే పోతుంది. హారతి కర్పూరం శ్రావణ కార్తికాల్లో పరుగెత్తి మిగతా నెలల్లో కూర్చుంటుంది. కంపెనీల సేల్స్‌మెన్ వారానికో రోజు 'లైన్'కు వస్తారు. సబ్బుల లైన్ మంగళవారమైతే, బుధవారం సబ్బులు అయిపోయినా మళ్లీ మంగళవారం దాకా ఆగాల్సిందే. అందుకే అనుభవమున్న యజమాని మంగళవారం నాడు అరలో ఎన్ని సబ్బులున్నాయో చూడడు. వచ్చే మంగళవారం దాకా ఎన్ని పోతాయో చూస్తాడు. 'అన్నా, పెద్ద స్కీమ్ ఉంది, పన్నెండు కొంటే ఒకటి ఫ్రీ' అని సేల్స్‌మన్ ఊరిస్తాడు. ఉచితంగా వచ్చే ఆ ఒక్కదాని కోసం చిక్కుకునే డబ్బు ఎంతో, అదే డబ్బుతో రెండు బస్తాల చక్కెర తిప్పితే ఎంత మిగులుతుందో లెక్క చూసుకునేవాడికి కొట్టు నిలబడుతుంది.

సరుకు సర్దడం కూడా ఒక విద్య. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు అట్టపెట్టె విప్పి బిస్కెట్ ప్యాకెట్లు అరలో ముందు వరసలో పేర్చేస్తాడు, చేతికి అందేది అదే కాబట్టి. వెనకున్న పాతవి వెనకే ఉండిపోతాయి. మూడు నెలల తర్వాత తేదీ దాటిన ప్యాకెట్లు గుట్టగా బయటపడతాయి. తెలిసినవాడైతే ముందు అర ఖాళీ చేస్తాడు, గుడ్డతో తుడుస్తాడు, కొత్తవి లోపలికి తోసి పాతవి ముందుకు లాగుతాడు. అర నిమిషం పని ఎక్కువ, అంతే. మందుల షాపులో ఈ అర నిమిషం ప్రాణాల మీది విషయం.

ఇంటి డబ్బా దగ్గర ఇదే సూత్రం ఒక ఆచారంతో తగువు పెట్టుకుంటుంది. బియ్యం డబ్బా అడుగు తుడవకూడదు, గుప్పెడైనా ఉంచి దాని మీదే కొత్తవి పోయాలని చాలా ఇళ్లలో పట్టింపు. శుభం మాట ఎలా ఉన్నా పురుగుకు అది మహా శుభం. పాత గుప్పెట్లో ఉన్న ముక్కపురుగు కొత్త బస్తాకు వారసుడవుతుంది. ఆచారమూ సరుకూ రెండూ దక్కాలంటే ఆ గుప్పెడు పక్కకు తీసి, డబ్బా ఎండలో పెట్టి, కొత్త బియ్యం పోసి, పాత గుప్పెడు పైన వేసి ముందు వండేయొచ్చు. వేపాకు, ఎండుమిరపకాయలు ఎలాగూ వేస్తారు. కందిపప్పుకు ఆముదం రాయడం కూడా ఇలాంటి కాపలాయే.

ఎంత తెప్పించాలన్నది ఎప్పుడు తెప్పించాలన్నదాని కంటే తికమక ప్రశ్న. తక్కువ తక్కువ తెప్పిస్తే ఆటో కిరాయి మాటిమాటికీ. ఒకేసారి బోలెడు తెప్పిస్తే డబ్బు ఇరుక్కుంటుంది, చోటు పోతుంది, ఎలుకలు వస్తాయి. ఈ రెండు ఖర్చులూ ఎక్కడ సరితూగుతాయో 1913లో అమెరికాలో ఫోర్డ్ విట్‌మన్ హ్యారిస్ అనే ఇంజనీరు ఒక సూత్రం రాశాడు. అందులో వర్గమూలం ఉంది కాబట్టి ఒక వింత ఫలితం వస్తుంది: అమ్మకం నాలుగింతలైతే ఒక్కోసారి తెప్పించే సరుకు నాలుగింతలు అక్కర్లేదు, రెండింతలు చాలు. బేగంబజార్‌కో గొల్లపూడికో వెళ్లి హోల్‌సేల్‌లో సరుకు ఎత్తే చిన్న వ్యాపారి ఈ సూత్రం చదివి ఉండడు. పండగ అమ్మకం ఎంత పెరిగినా దానికి తగ్గట్టే బస్తాలు పెంచేయకూడదని మాత్రం అతని చేతికి తెలుసు.

లెక్కలొద్దు, కళ్లకు కనిపించే గుర్తు చాలనుకునేవాళ్లకు రెండు బండల పద్ధతి ఉంది. వంటగ్యాస్ సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది, లోపల ఎంత మిగిలిందో బయటికి తెలియదు. తడిగుడ్డ చుట్టి తీస్తే గ్యాసు ఉన్నంత మేర తడి నెమ్మదిగా ఆరుతుంది, పైభాగం త్వరగా ఆరుతుంది. ఈ చిట్కా తెలిసినవాళ్లు కొందరే. రెండు బండలున్న ఇంట్లో ఏ చిట్కా అక్కర్లేదు. ఒకటి ఆరిపోగానే రెండోది బిగిస్తారు, ఆ పూటే ఫోన్ చేసి బుక్ చేస్తారు. ఖాళీ బండే కబురు. జపాన్ టొయోటా కంపెనీలో తైచి ఓనో అనే ఆయన నడిపిన పద్ధతి కూడా ఈ దారిదే. అమెరికా సూపర్‌మార్కెట్లలో కొన్నవాళ్లు తీసుకెళ్లిన మేరకే అరలు మళ్లీ నింపుతారన్న సంగతి ఆయనకు నచ్చింది, 1953 ప్రాంతంలో తమ మెషీన్ షాపులో దాన్ని అమలుపెట్టాడు. విడిభాగాల పెట్టెతో ఒక చీటీ ఉంటుంది, పెట్టె ఖాళీ కాగానే చీటీ వెనక్కి వెళ్తుంది, అంతే సరుకు వస్తుంది. ఆ చీటీనే కాన్‌బాన్ అంటారు. ఆయన అమెరికా వెళ్లి సూపర్‌మార్కెట్ కళ్లారా చూసింది ఆ తర్వాతే, 1956లో.

ఇలాంటి లెక్కలన్నీ తారుమారయ్యేది భయం పుట్టినప్పుడు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయిన కొద్ది రోజులకే ఉప్పు దొరకదని ఉత్తరాదిన పుకారు లేచింది, హైదరాబాద్ దాకా పాకింది. నెలకు ఒక ప్యాకెట్ వాడే ఇల్లు పది ప్యాకెట్లు కొంది. కొట్టులో ఉప్పు నిజంగానే నిండుకుంది. పుకారు తనను తాను నిజం చేసుకుంది. మూడు వైపులా సముద్రమున్న దేశంలో. కొట్టువాడు ఆ రోజు అమ్మకం చూసి పెద్ద ఆర్డరు పెడితే, హోల్‌సేలరు ఇంకా పెద్దది పెడితే, నెల తిరిగేసరికి గోదాముల నిండా ఉప్పే మిగులుతుంది, ఇళ్లలో అప్పటికే పది ప్యాకెట్లున్నాయి కాబట్టి. వాడకం చివర చిన్న కుదుపు, సరఫరా మొదట్లో పెద్ద ఊపు. పసిపిల్లల డైపర్ల కంపెనీ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ తన ఆర్డర్లలో సరిగ్గా ఇదే చూసింది: పిల్లలు రోజూ ఒకే తీరుగా తడుపుతున్నారు, ఆర్డర్లు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

దేశం మొత్తానికి బియ్యం డబ్బా ఒకటి ఉంది. 1965లో పుట్టిన భారత ఆహార సంస్థ గోదాములవి. ఏ తేదీకి కనీసం ఎంత నిల్వ ఉండాలో కేంద్రం గీతలు గీసింది, ఏడాదికి నాలుగు గీతలు. జులై 1 నాటికి బియ్యం, గోధుమలు కలిపి 411.20 లక్షల టన్నులు ఉండాలి, అక్టోబరు 1కి 307.70 లక్షలు చాలు. తేడా ఎందుకంటే వేసవిలో గోధుమల కొనుగోలు ముగిసి జులైకి గోదాము నిండుతుంది, అక్టోబరు నుంచి ఖరీఫ్ వడ్లు రావడం మొదలవుతుంది. కొత్త పంట దగ్గర పడ్డప్పుడు పాతది తగ్గినా భయం లేదు. సంతకు ముందు రోజు ఇల్లాలి ధీమా లాంటిదే ఇదీ. ఆ బియ్యం మండల స్థాయి నిల్వ కేంద్రం మీదుగా రేషన్ షాపుకు చేరేటప్పుడు డీలరు దగ్గర మిగిలిన పాత నిల్వను మినహాయించి కొత్త కోటా ఇస్తారు. మిగిలింది సరిగ్గా చూపని చోట లెక్క మొత్తం వంకర పోతుంది, ఈ-పోస్ యంత్రాలు వచ్చింది కొంత ఇందుకే.

ఏ గోదామూ ఆదుకోలేని సరుకు ఒకటుంది, పత్రికలు దానికీ ఈ మాటే వాడతాయి: 'ప్లేట్‌లెట్లు నిండుకున్నాయి'. రక్తంలోని ఎర్రకణాలను చల్లగా 35 నుంచి 42 రోజులు దాచవచ్చు. ప్లేట్‌లెట్లను మాత్రం 20 నుంచి 24 డిగ్రీల మధ్య, ఆగకుండా ఊపుతూ ఉంచినా 5 రోజులే. జూన్ 14న రక్తదాతల దినోత్సవం పేరిట పెద్ద శిబిరం పెడితే ఆ ప్లేట్‌లెట్ల గడువు 19కల్లా తీరిపోతుంది. డెంగీ ఉరిమేది వానలు ముదిరాక, ఆగస్టు సెప్టెంబరుల్లో. ఇక్కడ ఎక్కువ తెప్పించి పెట్టుకోవడం కుదరదు, మనుషులే విడతలుగా రావాలి. మొత్తం రక్తం ఇచ్చిన మగవాళ్లు 3 నెలలు, ఆడవాళ్లు 4 నెలలు ఆగాలి. యంత్రంతో ప్లేట్‌లెట్లు మాత్రమే ఇస్తే 48 గంటల తర్వాత మళ్లీ ఇవ్వవచ్చు, వారానికి రెండుసార్లు, ఏడాదికి 24 సార్లు మించకుండా. ఈ రెండో రకం దాతల ఫోన్ నంబర్లు ముందే రాసి పెట్టుకున్న రక్తనిధికి డెంగీ నెలల్లో ఊపిరి ఆడుతుంది.